క్రమశిక్షణ లెక్కలు: పాఠశాల నేర్చుకొనవలసిన పాఠము

మన గ్రామములలో పాఠశాలను గురించి నలుగురు కూడి మాటలాడునపుడు రెండు మాటలు తప్పక వినవచ్చును. "ఈ కాలపు పిల్లలకు భయభక్తులు లేవు" అనునది మొదటిది. "మా రోజులలో బెత్తము చూచినంతనే చేతులు కట్టుకొని కూర్చుండెడివారము" అనునది రెండవది. ఈ రెండును కోపముతోనో, బాధతోనో పలుకు మాటలే గాని లెక్క చూచి పలుకు మాటలు కావు. ఎందరు పిల్లలు అల్లరి చేయుచున్నారు? ఏ వేళ? ఏ చోట? ఏ కారణమున? అని అడిగినచో సమాధానము చెప్పగలవారు అరుదు. వాన పడిన దినమును, విత్తిన తేదీని, మడికి వేసిన ఎరువు బస్తాలను జ్ఞాపకముంచుకొను రైతు, తన బిడ్డ బడిలో ఏల దండింపబడుచున్నాడో తెలిసికొనుటకు ఏ లెక్కయు చూడడు. చూడవలెనన్నను చాలచోట్ల అట్టి లెక్క ఉండదు.

పాఠశాలలో జరుగు తగవులను, తప్పులను ఎట్లు వ్రాసికొనవలెను, వ్రాసినదానిని ఎట్లు చదువవలెను, దానిని దేనికి వాడరాదు అను మూడు విషయములను ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మారుచున్న ఊరు

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలములోని మంఖాల్‌ను ఉదాహరణగా తీసికొందము. ఒకప్పుడు అది పొలముల నడుమ నున్న పల్లె. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది. వెలుపలి వలయ రహదారి వచ్చినది. పారిశ్రామిక వాడ పెరిగినది. ఊరు పట్టణ పాలనలో చేరినది. ఇట్టి ఊళ్లకు పని వెదకికొనుచు ఇతర జిల్లాలనుండియు, ఇతర రాష్ట్రములనుండియు కుటుంబములు వచ్చుట సహజము. వారి బిడ్డలు మన బిడ్డల ప్రక్కనే బల్లపై కూర్చుండెదరు. వారిలో కొందరికి తెలుగు రాదు. కొందరి తలిదండ్రులు రాత్రి పాళీలో పనికి పోయి, బిడ్డ బడికి బయలుదేరు వేళకు ఇంకను ఇల్లు చేరరు.

మరియొక సంగతి కూడ కలదు. ఫ్యాక్టరీలు, గోదాములు, హోటళ్లు ఉన్న చోట పదమూడు, పదునాలుగేండ్ల బాలునికి కూలి దొరకుట కష్టము కాదు. బడిలో ఒక అవమానము జరిగినచో, ఆ మరునాడే అతనిని పిలుచు చేతులు బడి వెలుపల ఉండును. కావున ఇట్టి ఊళ్లలో క్రమశిక్షణ యనగా తరగతిలో నిశ్శబ్దము మాత్రమే కాదు. అది ఒక బిడ్డ బడిలో నిలుచుటయా, జారిపోవుటయా అను ప్రశ్న.

బెత్తము పోయిన తరువాత

2009లో చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. 16వ విభాగము ప్రకారము ప్రాథమిక విద్య, అనగా ఎనిమిదవ తరగతి, ముగియువరకు ఏ బిడ్డను బడినుండి వెళ్లగొట్టరాదు. 2019లో చట్టమును సవరించి అయిదు, ఎనిమిది తరగతులలో తప్పినవారిని నిలిపివేయుటకు వీలు కల్పించిరి గాని, వెళ్లగొట్టరాదను నియమము అట్లే నిలిచినది.

చట్టము వచ్చుటయు, అలవాటు పోవుటయు ఒకటి కాదు. జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషను 2009-10 విద్యాసంవత్సరములో ఏడు రాష్ట్రములలో 6,632 మంది పిల్లలను ప్రశ్నింపగా, తమకు ఏ దండనయు తగులలేదని చెప్పినవారు కేవలము 9 మంది. "బెత్తము తీసివేసితిరి, అరువది మంది పిల్లలను నేను ఎట్లు నిలువరింపవలెను?" అని ఉపాధ్యాయుడు అడుగుచున్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ఒక నోటుపుస్తకముతో మొదలగును.

ఎవరును చదువని పుస్తకము

ఈ వ్యాసకర్త చదువుకొనిన ఉన్నత పాఠశాలలో దండనల పుస్తకమొకటి ఉండెడిది. దానికి ఎర్ర అట్ట. లోపల పేరు, తప్పు, దెబ్బల సంఖ్య, చివర ఒక సంతకము. సంవత్సరాంతమున అది బీరువాలోనికి పోయెడిది. దానిని ఎవరైనను మరల తెరచి చదివినట్లు ఎరుగము. మా తరగతిలోని ఒక బాలుని పేరు అందులో పదే పదే వచ్చుచుండెడిది. తప్పు ప్రతిసారియు ఒక్కటే, ఆలస్యము. అతని ఊరినుండి ఉదయము వచ్చు బస్సు ఒక్కటే. అది బడిగంట మ్రోగిన పది నిమిషములకు గాని వచ్చెడిది కాదు. ఆ బస్సు వేళ దండనల పుస్తకములోనే ఉన్నది. చదువగలవారు లేకపోయిరి. తొమ్మిదవ తరగతి నడుమ అతడు బడి మానినాడు.

పుస్తకము ఉండుట చాలదు, దానిని చదువవలెను. శిక్షను సమర్థించుకొనుటకు వ్రాసిన పుస్తకము వేరు, కారణమును కనుగొనుటకు వ్రాసిన పుస్తకము వేరు.

ఏమి వ్రాయవలెను?

మంచి పుస్తకములో ఒక్కొక్క సంఘటనకు ఒక్క వరుస చాలును. తేదీ, వేళ, చోటు, జరిగిన పని, దానికి ముందు జరిగినది, ఉపాధ్యాయుడు చేసిన పని, చివర బాలుని పేరు. ఇది నింపుటకు ఒక నిమిషమునకు మించి పట్టరాదు. ఎక్కువ పట్టినచో రెండవ వారమునకే పుస్తకము మూలబడును.

వ్రాయు మాటలలో జాగ్రత్త అవసరము. "మొండివాడు", "దుర్మార్గుడు" అని వ్రాసినచో అది తీర్పు. "కొళాయి వద్ద తోటి బాలుని నెట్టినాడు" అని వ్రాసినచో అది సంఘటన. తీర్పునుండి నేర్చుకొనవలసినది ఏమియు లేదు. సంఘటనకు చోటు, వేళ, కారణము ఉండును. కావున సంవత్సరారంభముననే ఉపాధ్యాయులందరు కూర్చుండి, ఏ పనిని పుస్తకములో వ్రాయవలెను, దేనిని అక్కడికక్కడే మందలించి విడువవలెను అని నిర్ణయించుకొనవలెను. లేనిచో ఒకరికి ప్రశ్నగా తోచినది మరియొకరికి ధిక్కారముగా తోచును. అప్పుడు లెక్క పిల్లల ప్రవర్తనను గాక ఉపాధ్యాయుల ఓర్పును మాత్రమే కొలుచును.

అమెరికా దేశములో ఒరెగాన్ విశ్వవిద్యాలయమునందు జార్జి సుగాయి, రాబర్ట్ హార్నర్ మొదలగు విద్యావేత్తలు 1990ల నుండి ఈ పద్ధతిని అభివృద్ధి చేసిరి. వారి పద్ధతిలో పాఠశాల తన లెక్కను అయిదు ప్రశ్నలతో చదువును. దినమునకు సగటున ఎన్ని సంఘటనలు? ఎట్టివి? ఏ చోట? ఏ వేళ? ఏ విద్యార్థులు? చివరి ప్రశ్నలోనే పేరు వచ్చుట గమనింపదగినది. మనము సాధారణముగా పేరుతోనే మొదలుపెట్టి, పేరుతోనే ముగించుచున్నాము.

ఒక నెల లెక్క

ఊహకు ఒక పాఠశాలను తీసికొందము. ఇది పాఠము కొరకు కల్పించిన ఉదాహరణము. బడిలో 220 మంది పిల్లలు. ఒక నెలలో 24 పని దినములు. పుస్తకములో 48 వరుసలు, అనగా దినమునకు సగటున 2. ఇందులో 24 మధ్యాహ్న భోజన వేళ జరిగినవి, 8 చివరి గంటలోనివి, 16 మిగిలిన వేళలలోనివి.

ముందుగా మధ్యాహ్నపు 24ను చూడుడు. వానిలో 17 చేతులు కడుగుకొను కొళాయి వద్దనే జరిగినవి. బడి అంతయు ఒకేసారి గంటకు లేచి రెండు కొళాయిల మీద పడుచున్నది. ఇచట తప్పు పిల్లలది యనుటకంటె కొళాయిలదనుట సత్యము. తరగతులను పది నిమిషముల ఎడముతో పంపుట, ఒక పెద్దవారు అచట నిలుచుట, వీలైనచో మరి రెండు కొళాయిలు పెట్టించుట దీనికి మందు. పదిహేడు తగవులకు పదిహేడుమందిని దండించుటకంటె ఇది చవుక.

చివరి గంటలోని 8 ఒకే తరగతివి. పడమటి ఎండ నేరుగా పడు రేకుల గదిలో ఆ పిల్లలు ఆ వేళకు గణితము చేయవలసియున్నది. గదినైనను, గంటనైనను మార్చి చూడవలెను.

ఇక పేర్లు. 220 మందిలో 189 మంది పేరు పుస్తకములో ఒక్కసారియు లేదు. 24 మంది పేరు ఒక్కొక్కసారి, అయిదుగురి పేరు రెండేసిసార్లు వచ్చినది. ఇద్దరి పేర్లు మాత్రము ఏడేసిసార్లు వచ్చినవి. ఈ కాలపు పిల్లలందరును చెడిరను మాట ఇచటనే వీగిపోవుచున్నది.

ఆ ఇద్దరి వరుసలను మాత్రము నెమ్మదిగా చదువవలెను. మిగిలిన వేళలలోని 16 సంఘటనలలో 14 వీరివే. కొళాయి తగవులలో వీరి పేరు ఒక్కసారియు లేదు. మొదటివాడు బాలుడు. ఏడు తప్పులును మొదటి గంటలోనివే. "నిద్రపోయినాడు, లేపిన ఎదురు చెప్పినాడు." రెండవది బాలిక. ఏడు తప్పులును తెలుగు గంటలోనివే. "చెప్పినది చేయలేదు." ఉపాధ్యాయుడు బాలుని ఇంటికి పోయి విచారింపగా, అతడు రాత్రి పదకొండు వరకు రహదారి ప్రక్క హోటలులో పాత్రలు కడుగుచున్నాడని తెలియును. బాలిక కొన్ని వారముల క్రిందట ఒడిషా నుండి వచ్చినది. ఆమెకు చెప్పినది అర్థమే కాలేదు. ఒకరికి నిద్ర లేదు, మరియొకరికి భాష లేదు. పుస్తకములో మాత్రము ఇద్దరికిని "ధిక్కారము" అని పడినది.

ఆ బాలునికి పదునాలుగేండ్లు నిండనిచో అతనిని హోటలు పనిలో ఉంచుట చట్టవిరుద్ధము. బాల కార్మిక చట్టమునకు 2016లో చేసిన సవరణ కుటుంబపు పనిలో బడివేళలు పోను చేయు సాయము వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వయస్సు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని శాసించినది. అతని వరుసను చదువక, ఎనిమిదవసారి తరగతి వెలుపల నిలువబెట్టినచో, అతడు గుమ్మము దాటి తిన్నగా హోటలుకే పోవును. ఆ బాలికకు కావలసినది మందలింపు కాదు. తెలుగు నేర్పు ఒక తోటి స్నేహితురాలు, కొన్ని వారముల ఓర్పు.

లెక్క చేయు మోసములు

లెక్కను చదువుటలో పొరపాటునకు అవకాశము ఎక్కువ. దసరా సెలవులున్న నెలలో పని దినములు 15 మాత్రమే ఉండి, 30 సంఘటనలు వ్రాయబడినవనుకొనుడు. 48 నుండి 30కి తగ్గినవని సంతోషింపరాదు. దినమునకు సగటు మొదట 2, ఇప్పుడును 2. మొత్తమును గాక సగటును చూడవలెను.

తగ్గిన లెక్క అంతయు మంచి లెక్క కాదు. వ్రాయుట మానినను లెక్క తగ్గును. "ఏ బడిలో తప్పులు ఎక్కువ?" అని పైవారు ప్రశ్నించి, ఎక్కువ వ్రాసినవారిని గద్దించినచో, మరుసటి నెలనుండి పుస్తకములన్నియు తెల్లగానే ఉండును. కావున ఈ లెక్కతో బడులకు గాని, ఉపాధ్యాయులకు గాని వరుస సంఖ్యలు ఇయ్యరాదు. నిజము వ్రాసినవానికి భయము లేనప్పుడే నిజము పుస్తకములోనికి వచ్చును.

మరియొక ప్రశ్న అన్నింటికంటె కష్టమైనది. వ్రాయబడిన పేర్లు ఎవరివి? అమెరికా ప్రభుత్వము 1968 నుండి పాఠశాలల పౌరహక్కుల లెక్కలు సేకరించుచున్నది. 2011-12 సంవత్సరపు లెక్కలు చూడగా, నల్లజాతి విద్యార్థులు తెల్లజాతి విద్యార్థులకంటె మూడు రెట్ల నిష్పత్తిలో బడినుండి తాత్కాలికముగా పంపివేయబడుచున్నట్లు తేలినది. లెక్క లేకున్న ఆ అన్యాయము వినికిడిగానే మిగిలిపోయియుండును. మన బడులలో కూడ పుస్తకములోని పేర్లన్నియు ఒకే వాడవారివో, ఒకే తండావారివో, వసతి గృహమువారివో, వలస వచ్చినవారివో అయినచో, పిల్లల ప్రవర్తనకంటె ముందు మన చూపును పరీక్షించుకొనవలెను.

దేనికి వాడరాదు?

ఈ పుస్తకము ప్రార్థన వేళ చదువుటకు కాదు. గోడమీద అంటించుటకు కాదు. పేర్లు ప్రధానోపాధ్యాయునికిని, తరగతి ఉపాధ్యాయునికిని, ఆ బిడ్డ తలిదండ్రులకును తప్ప ఇతరులకు తెలియరాదు. ఫోనులో చిత్రము తీసి వాట్సాప్ గుంపులకు పంపుట ఎంతమాత్రమును తగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము బాలల సమాచారమునకు ప్రత్యేక రక్షణ కల్పించినది. ఒక ఏటి అల్లరి బదిలీ పత్రములోని "ప్రవర్తన" గడిలోనికి ఎక్కి, బిడ్డ వెంట మరియొక బడికి పోరాదు. సంవత్సరము ముగిసిన పిమ్మట పేర్లను కొట్టివేసి, చోటు, వేళ, సంఖ్య మాత్రము నిలుపుకొనిన చాలును.

కొన్ని విషయములు ఈ పుస్తకమునకు మించినవి. బిడ్డపై లైంగిక దుష్చర్య జరిగినట్లు తెలిసినచో దానిని ఒక వరుసగా వ్రాసి ఊరకుండరాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము వెంటనే అధికారులకు తెలుపుట విధి. ఆపదలో ఉన్న పిల్లల కొరకు 1098 అను ఫోను నంబరు కలదు.

మన జిల్లా నేర్పిన పాఠము

లెక్క వ్రాసి బిడ్డలను నిలుపుట మనకు క్రొత్త కాదు. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో స్థాపింపబడిన ఎం.వి. ఫౌండేషను, శాంతా సిన్హాగారి నాయకత్వమున 1990ల ఆరంభమునుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో బాల కార్మికులను బడిలో చేర్పించు పనికి పూనుకొనినది. బడికి పోని ప్రతి బిడ్డయు బాల కార్మికుడే అనునది వారి సూత్రము. ఇల్లిల్లు తిరిగి, ఎవరు బడిలో ఉన్నారో, ఎవరు లేరో లెక్క తీసిరి. పనులలో పెరిగిన పిల్లలను వారధి శిబిరములలో చదివించి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. బడిలో చేరినవారు మరల జారిపోకుండ ఊరివారే కనిపెట్టియుండునట్లు చేసిరి. శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 2007లో జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషను ఏర్పడినపుడు ఆమెయే మొదటి అధ్యక్షురాలు. బడిలోని దండనలను గురించిన ప్రశ్నను ఆ కమిషను తన మొదటి సంవత్సరముననే రాష్ట్రముల ముందుంచినది.

ఆ పనిలో గ్రహింపవలసిన సూక్ష్మమొకటి కలదు. మామూలు బడిపట్టీలో పేరు కొట్టివేయుటతో లెక్క ముగియును. వారి లెక్కలో పేరు కనబడకుండ పోయినచోట పని మొదలగును. క్రమశిక్షణ పుస్తకము కూడ అట్టిదే కావలెను.

తలిదండ్రులు చేయవలసినది

విద్యాహక్కు చట్టము 21వ విభాగము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. తెలంగాణ రాష్ట్రములో 2024లో మహిళా సంఘముల భాగస్వామ్యముతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. బడి బాగోగులు విచారించు కమిటీ ఏదైనను, నెలకొకసారి పేర్లు లేని లెక్కను దాని ముందు పెట్టవచ్చును. చోటు, వేళ, సంఖ్య. ఈ మూడే చాలును. కొళాయి కావలెనా, గదికి చలువ పందిరి కావలెనా, బస్సు వేళ మార్చుమని అర్జీ పెట్టవలెనా అని కమిటీ ఆలోచింపవలెను. ఒక నెల ఒక్క పనిని మాత్రమే ఎంచుకొని, మరుసటి నెల లెక్కతో దానిని సరిచూచుకొనవలెను. లెక్క మారనిచో బిడ్డను గాక ఉపాయమును మార్చవలెను.

ఇంటివద్ద తలిదండ్రులు ఒక అలవాటు చేసికొనవలెను. "ఇవాళ దెబ్బలు తింటివా?" అని గాక, "ఇవాళ ఏ వేళ కష్టమైనది?" అని బిడ్డను అడుగవలెను. బడినుండి కబురు వచ్చినపుడు సిగ్గుపడి దాగక, పోయి కూర్చుండి వినవలెను. రాత్రి పాళీ చేయు తలిదండ్రులకు వీలగు వేళలో కబురు చేయుట ఉపాధ్యాయుని ధర్మము.

రెండు రూళ్ల గీతలు, ఒక పెన్ను, నెలకు ఒక గంట. దీనికి కావలసిన ఖర్చు ఇంతియే. ప్రభుత్వ ఉత్తరువు కొరకు వేచియుండనక్కర లేదు. రేపటి సోమవారముననే ఏ బడిలోనైనను మొదలుపెట్టవచ్చును. నెల చివర ఆ పుస్తకమును తెరచినపుడు పదే పదే కనబడు పేరు ఒకటి ఉండును. ఆ పేరుగల బిడ్డ ఆనాడు కూడ తరగతిలో ఉన్నాడా అని ముందు చూడుడు. ఉన్నచో, ఆ సాయంకాలమే అతని ఇంటికి పొండు.